గాలిమరకు సంతకం పెట్టాను, ఇంటివాళ్ళే ముఖం తిప్పుకున్నారు

ప్రశ్న

కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లె నుంచి యాభై ఏళ్ళు దాటిన గృహిణి ఒకరు రాసిన పెద్ద ఉత్తరం ఇది. ఊరిని, మనుషులను గుర్తుపట్టే వివరాలు తొలగించి, విషయానికి లోటు రాకుండా కుదించి ఇస్తున్నాం.

ఆమె భర్త ఆరేళ్ళ కిందట గుండెపోటుతో చనిపోయారు. అన్నదమ్ముల పంపకాల్లో ఆయనకు వచ్చిన మూడున్నర ఎకరాల్లో ఎకరం కొబ్బరితోట, మిగిలినది పొలాల మురుగునీరు పోయే డ్రెయినును ఆనుకుని ఉన్న పల్లపు చేను. ఒకప్పుడు సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండూ పండిన ఆ చేలోకి కొంతకాలంగా పోటు వేళల్లో డ్రెయిను గుండా ఉప్పునీరు ఎగదన్నుతుండటంతో దాళ్వా మానుకున్నారు. సార్వా మీద కూడా నమ్మకం పోయింది. చేని గట్టునే ఇల్లు వేసుకుని ఇరవై ఏళ్ళుగా ఆ భూమిని సాగు చేస్తున్న కౌలు రైతు కిందటి ఏడాది శిస్తులో సగమే కొలవగలిగాడు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. కూతురి పెళ్ళి మాఘమాసానికి నిశ్చయమైంది.

ఆషాఢంలో, పక్క ఊరివాడే అయిన ఒక మధ్యవర్తి ఆమె దగ్గరకు వచ్చాడు. డ్రెయినుకూ సరుగుడు తోటలకూ మధ్య ఒక కంపెనీ పన్నెండు గాలిమరలు నిలపబోతోందని, వాటిలో ఒకటి ఆమె చేలో పడుతుందని, ఇరవై ఎనిమిదేళ్ళ లీజుకు ఏటా డబ్బు ముడుతుందని చెప్పాడు. ఇంగ్లీషులో ఉన్న స్టాంపు కాగితాల మీద ఆమె సంతకం పెట్టి, యాభై వేల రూపాయల అడ్వాన్సు తీసుకున్నారు. “ఇప్పుడే ఎవరితోనూ అనకండి, నలుగురికీ తెలిస్తే రేటు చెడుతుంది” అని అతను చెప్పడంతో మరిదికి గానీ, అత్తగారికి గానీ, కౌలు రైతుకు గానీ చెప్పలేదు.

దసరా నాటికి సంగతి బయటపడింది. ఊరివాళ్ళు రామాలయం దగ్గర సమావేశమై పోరాట కమిటీ వేసుకున్నారు. దానికి అధ్యక్షుడు ఆమె మరిదే. సంతకాలు పెట్టినవారి పేర్లు మైకులో చదివారు. ఆనాటి నుంచి తోడికోడలు పలకడం లేదు. అత్తగారు మరిది ఇంట్లోనే ఉంటారు కాబట్టి ఆవిడను చూసి రావడం కూడా కష్టమైంది. కొబ్బరి దింపు తీసే మనిషి రేపూ మాపూ అంటూ తప్పించుకుంటున్నాడు. గాలిమరలు వస్తే వానలు పోతాయని, కొబ్బరి పిందె రాలిపోతుందని, రొయ్యలు చస్తాయని, క్యాన్సరు వస్తుందని కమిటీవారు అంటున్నారు. కంపెనీ మనుషులేమో ఇదంతా తెలియనితనమని కొట్టిపారేస్తున్నారు. “ఆ ఊళ్ళో ఇంక మనకేం పని, ఇచ్చెయ్యమ్మా” అంటున్నాడు కొడుకు.

“మా వారు వీలునామా రాయలేదు. పాసు పుస్తకం నా పేర మార్పించుకున్నాను. నా పొలం నేను లీజుకిస్తే దొంగతనం చేసినట్టు చూస్తున్నారు. వెనక్కి తగ్గితే పెళ్ళి ఖర్చుకు అప్పు చెయ్యాలి. తగ్గకపోతే పెళ్ళికి మనవాళ్ళెవరూ రారు. ఏం చెయ్యమంటారు?” అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం

ఊరు గురించి, గాలిమరల గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందుగా మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీరు అడిగినదంతా దాని మీదే ఆధారపడి ఉంది. మీ వారు వీలునామా రాయలేదన్నారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా చనిపోయిన మగవారి ఆస్తికి భార్య, కొడుకు, కూతురుతో పాటు కన్నతల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. అంటే మీరు లీజుకు రాసిచ్చిన ఆ చేలో మీ అత్తగారికి వాటా ఉంది, మీ అబ్బాయికి ఉంది, పెళ్ళి కాబోతున్న మీ అమ్మాయికీ ఉంది. ఆ భూమి పూర్వార్జితమా, మీ వారి స్వార్జితమా అన్నదాన్ని బట్టి ఎవరి వాటా ఎంతన్నది మారుతుందే తప్ప, వాటాలు ఉండటంలో మార్పు లేదు. పాసు పుస్తకంలో పేరు మారడం రెవెన్యూ రికార్డుకు సంబంధించిన ఏర్పాటు, అది మిగతా వారసుల హక్కును తుడిచెయ్యదు. మీ అత్తగారు రిజిస్టరు దస్తావేజుతో తన హక్కు వదులుకుని ఉంటే తప్ప, ఇరవై ఎనిమిదేళ్ళ లీజుకు మీ ఒక్కరి సంతకం చాలదు.

మిమ్మల్ని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. పైగా మీ చిక్కును విప్పే దారం ఇక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. మీరు మరిదిగారి గడప ఎక్కడం, అత్తగారి ఎదుట కూర్చుని సంగతి చెప్పడం ఇప్పటి వరకు మర్యాదకు సంబంధించిన ప్రశ్నగా, తలవంపుగా మీకు తోస్తోంది. నిజానికి అది ఆస్తి వ్యవహారంలో మీరు ఎలాగూ చెయ్యవలసిన పని. “అత్తయ్యగారూ, ఇందులో మీ వాటా కూడా ఉంది, మిమ్మల్ని అడక్కుండా సంతకం పెట్టడం సరికాదు” అని మీరు అంటే అది ఊరి ఒత్తిడికి లొంగినట్టు కాదు, ఉన్న హక్కును గుర్తించినట్టు అవుతుంది. ఈ సంగతి మరొకరి నోట, అందునా కోర్టు నోటీసు రూపంలో, ముందుగా ఆవిడకు తెలిస్తే మాత్రం ఆ తర్వాత మీరు ఏం చెప్పినా అతకదు. మీ అబ్బాయి “ఇచ్చెయ్యమ్మా” అనడం కూడా ఫోనులో అనే మాటగా ఉండకూడదు, కాగితం మీద సంతకం పెట్టవలసిన వారసుడిగా వచ్చి, చదివి, చెప్పాలి.

ఇక ఆ కాగితం సంగతి. దాని నకలు మీ దగ్గర ఉందని ఉత్తరంలో ఎక్కడా లేదు. ఏడాదికి మించిన లీజు ఏదైనా 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు కావలసిందే కాబట్టి, ఇంట్లో కూర్చుని స్టాంపు కాగితం మీద పెట్టిన సంతకం పూర్తి లీజు కాకపోవచ్చు. అలాగని అది చిత్తు కాగితమూ కాదు. అడ్వాన్సు తీసుకుని ఒప్పుకున్నారు గనుక, ఆ ఒప్పందాన్ని పట్టుకుని వాళ్ళు మీ మీద దావా వెయ్యవచ్చు. అందులో ఏముందో తెలియకుండా వెనక్కి తగ్గుతాననడం గానీ, నిలబడతాననడం గానీ తొందరపాటే. కంపెనీ చిరునామాకు స్పీడ్ పోస్టులో నకలు కోరుతూ ఉత్తరం రాయండి, ఆ రసీదు జాగ్రత్త చెయ్యండి. నకలు వచ్చాక దాన్ని తీసుకుని అమలాపురం కోర్టు ఆవరణలోని న్యాయ సేవల సంస్థ వద్దకు వెళ్ళండి. 1987 నాటి న్యాయ సేవల సంస్థల చట్టం కింద స్త్రీలకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా వకీలు సలహా ఇస్తారు. మధ్యవర్తి తీసుకొచ్చే వకీలు మాత్రం వద్దు.

ఆ కాగితంలో వకీలుగారిని చూడమని అడగవలసినవి కొన్ని ఉన్నాయి. లీజు ఎంత భూమికి, మర నిలిపే చోటుకా లేక మొత్తం రెండున్నర ఎకరాలకా? లీజు డబ్బు ఎప్పటి నుంచి మొదలవుతుంది, సంతకం నాటి నుంచా, మర తిరిగిన నాటి నుంచా? పని మొదలుపెట్టకుండా ఎన్నేళ్ళు వాళ్ళు మీ భూమిని కట్టిపడెయ్యవచ్చు? కంపెనీ ఆ హక్కును మిమ్మల్ని అడగకుండానే మరో కంపెనీకి బదిలీ చేసుకోవచ్చునా? ఈ చివరిది ముఖ్యం. ఈ రంగంలో భూములు కూడగట్టేది ఒకరు, మరలు నిలిపేది వేరొకరు, కొన్నేళ్ళకు కొనుక్కునేది ఇంకొకరు కావడం మామూలే. మీతో తీయగా మాట్లాడిన మనిషి ఆ నాటికి మీ ఫోను ఎత్తకపోవచ్చు. మర ఆయుష్షు ఇరవై, ఇరవై అయిదేళ్ళు. అది ముగిశాక ఇనుమును ఎలాగూ పట్టుకుపోతారు, కానీ భూమిలో దిగిన కాంక్రీటును ఎవరు తవ్వి తీస్తారు, అందుకు పూచీగా డబ్బు ఎక్కడైనా ఉంచారా అన్నది కూడా అడగాలి.

ఇంకొక అనుమానం. మీ ఊళ్ళో గాలిని కొలిచే స్తంభం ఎవరైనా నిలిపారా? గాలిమరల మీద వందల కోట్లు పెట్టేవారు సాధారణంగా ఏడాదికి తక్కువ కాకుండా ఆ చోట గాలిని కొలుచుకుంటారు. మన రాష్ట్రంలో ఇప్పటి వరకు పవన విద్యుత్తు దాదాపుగా అనంతపురం, కర్నూలు, కడప వైపు మెట్టల మీదే వచ్చింది, ఎందుకంటే నైరుతి ఋతుపవనాల నెలల్లో గాలి అక్కడ ఆ గుట్టల మీదుగా బలంగా, నిలకడగా వీస్తుంది. సాయంత్రం మన ఒంటికి హాయిగా తగిలే పైరగాలి వేరు, వంద మీటర్ల పైన మరను ఏడాది పొడవునా లాభసాటిగా తిప్పే గాలి వేరు. మరల ఎత్తు పెరుగుతున్నకొద్దీ తీర ప్రాంతాల మీద కూడా కంపెనీల చూపు పడటంలో వింత లేదు గానీ, కొలత స్తంభమే లేకుండా సంతకాలు మాత్రం సేకరిస్తున్నారంటే, అది ప్రాజెక్టు కాక కేవలం భూముల జాబితా కూడబెట్టే పని అయ్యే అవకాశం ఉంది. అలాంటప్పుడు మీరు పెళ్ళి ఖర్చుకు లెక్కేసుకుంటున్న డబ్బు ఎన్నేళ్ళకు వస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పలేం.

ఇప్పుడు కమిటీవారి మాటలు. వాటిలో నిలవనివి ఉన్నాయి, కంపెనీవారు కొట్టిపారెయ్యడానికి వీల్లేనివీ ఉన్నాయి. గోల ఎక్కువగా మొదటి రకం మీదే జరుగుతోంది, అదే విచారకరం. వానలు పోతాయన్న మాట అనంతపురం వైపు మరలు వచ్చినప్పుడు కూడా వినిపించింది. రెక్క కొస రెండు వందల మీటర్ల ఎత్తు వరకు వెళుతుందేమో గానీ, వాన కురిపించే మేఘాలు వేల మీటర్ల మందాన పేరుకుంటాయి, బంగాళాఖాతం మీద అల్పపీడనాలు పుట్టించే వానను పన్నెండు మరలు ఆపలేవు. కొబ్బరి దిగుబడిని కొన్నేళ్ళుగా పీడిస్తున్నది సర్పిలాకార తెల్లదోమ, ఉప్పునీరు. పిందె రాలడం గురించి అనుమానం ఉంటే అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళను అడగవచ్చు, వారు దగ్గరలోనే ఉన్నారు. క్యాన్సరు భయానికి ఆధారం లేదు.

చప్పుడు మాత్రం నిజం. రాత్రి నిశ్శబ్దంలో రెక్క గాలిని కోసే చప్పుడు దగ్గరి ఇళ్ళకు వినిపిస్తుంది. ఎండ వాలే వేళ తిరిగే రెక్కల నీడ ఇంటి గోడ మీద ఆగకుండా కదలడం చాలామందికి చిరాకు పుట్టిస్తుంది. అందుకే కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో నివాసాలకు కనీసం 500 మీటర్ల దూరంలో మర ఉండాలని చెప్పారు. రోడ్లు, భవనాల విషయంలో, స్తంభం ఎత్తుకు రెక్కల వలయం వ్యాసంలో సగాన్ని కలిపి, మరో అయిదు మీటర్లు చేర్చి, అంత దూరం పాటించాలన్నారు. స్తంభం 120 మీటర్లు, వలయం 140 మీటర్లు అనుకుంటే అది 195 మీటర్లు అవుతుంది. ఇవి మార్గదర్శకాలే, చట్టం కాదు. కానీ ఏ అధికారి ముందైనా పెట్టదగిన కొలతలు.

ఆ 500 మీటర్లను మీ ఊరికి అన్వయించి చూడండి. రాయలసీమలో ఊరు ఒకచోట గుత్తిగా ఉంటుంది, ఊరు దాటితే మైళ్ళ కొద్దీ ఖాళీ మెట్ట. కోనసీమలో అలా కాదు. ప్రతి తోటలో ఒక ఇల్లు, ప్రతి గట్టు మీద ఒక పాక. గ్రామ సచివాలయంలో సర్వేయరు దగ్గర పటం ఉంటుంది. దాని మీద ప్రతి ఇంటి చుట్టూ 500 మీటర్ల వలయం గీస్తే, డ్రెయినుకూ సరుగుడు తోటలకూ మధ్య పన్నెండు మరలకు చోటు మిగులుతుందా? నాకైతే అనుమానమే. మీ చేని సంగతి మరీ స్పష్టం. మీ కౌలు రైతు ఇల్లు ఆ గట్టు మీదే ఉందని మీరే రాశారు. మీ మరకు అన్నిటికన్నా దగ్గరగా నిద్రపోయేది అతని పిల్లలే.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న నీటిది. దాన్ని కమిటీవారు పట్టుకోవడం లేదెందుకో నాకు అర్థం కాలేదు. డెల్టా ఒండ్రు నేల మెత్తన, అందులో అంత బరువు నిలబెట్టాలంటే లోతుగా పైల్స్ (పునాది స్తంభాలు) దింపి, పైన కొన్ని వందల ఘనపు మీటర్ల కాంక్రీటు పొయ్యాలి. తవ్విన గుంటలో ఊరే ఉప్పునీటిని ఇంజన్లు పెట్టి ఎటో ఒకవైపు తోడాలి. డెబ్బై మీటర్ల రెక్కను మోసుకొచ్చే బండి మన గట్ల మీది మలుపుల్లో తిరగదు కాబట్టి కొత్త రోడ్లు ఎత్తుగా వెయ్యాలి. ఆ ఎత్తు రోడ్డు ఒక్క బోదెకు (పిల్లకాలువకు) అడ్డంగా పడి, కింద తగినన్ని తూములు పెట్టకపోతే, పైచేల మురుగు దిగదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వాళ్ళు మొత్తుకున్న కారణాల్లో ఈ ముంపు కూడా ఒకటి. శంకరగుప్తం డ్రెయిను వెంట ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరిచెట్లు తలలు వాల్చి మోడులైపోవడం చూసినవారికి, డ్రెయిను పక్కన ఏ నిర్మాణమైనా ఎందుకు భయమో వేరే చెప్పక్కర్లేదు. పైగా మరల నుంచి కరెంటును తీసుకుపోయే పెద్ద లైన్ల కింద ఎత్తయిన చెట్లు ఉండనివ్వరు. సంతకం పెట్టని తోటల్లో కూడా కొబ్బరిచెట్లు నరకవలసి వస్తుంది. మీకు లీజు వస్తుంది, వాళ్ళకు చెట్టు నష్టపరిహారం మాత్రమే వస్తుంది. మీ తోడికోడలి కోపంలో ఈ లెక్క కూడా ఉందేమో ఆలోచించండి.

ఒక మాట కమిటీ తరఫున కూడా చెప్పాలి. మరల వల్ల బొగ్గు కాలదు, పొగ రాదు, నిజమే. అందుకే కాలుష్య నియంత్రణ మండలి వీటిని కాలుష్యం దాదాపు లేని పరిశ్రమల తెల్ల వర్గంలో చేర్చింది. 2006 నాటి పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ జాబితాలో పవన విద్యుత్తు లేదు, కాబట్టి ఆ నోటిఫికేషన్ కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణ కూడా దీనికి ఉండదు. మెట్ట గుట్టల మీద అది పెద్ద లోటు కాకపోవచ్చు. కానీ 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాసు బావి బద్దలై రెండు నెలలకు పైగా మండటాన్ని చూసిన కోనసీమ ఇది, 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో పైపులైను పేలి నిద్రలోనే మనుషులు కాలిపోయిన సీమ ఇది. గాలిమర పేలదు. అయినా, “ఏమీ కాదు, మాకు వదిలెయ్యండి” అని చెప్పిన కంపెనీ మాటను ఇక్కడి జనం రెండోసారి ఊరికే నమ్మరు. చట్టం ఒక వేదిక ఇవ్వనప్పుడు జనం రామాలయం మైకు పట్టుకుంటారు. దాన్లో మీ పేరు చదవడం అన్యాయమే, అయినా ఆ కోపానికి మూలం మీరు కాదు. ఇంటింటికీ విడివిడిగా తిరిగి, “ఎవరితోనూ అనకండి” అని చెప్పి సంతకాలు తీసుకున్న పద్ధతి దానికి మూలం. రేటు చెడుతుందన్న మాట వాళ్ళ వైపు నుంచి నిజమే. పన్నెండు మంది రైతులు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే రేటు పెరుగుతుంది గనుక, వాళ్ళకు చెడుతుంది.

మీ ముందున్న దారులు నాకు ఇలా కనిపిస్తున్నాయి. పూర్తిగా వెనక్కి తగ్గి అడ్వాన్సు తిరిగి ఇవ్వడం ఒకటి. పెళ్ళిలోగా బంధువులు కలుస్తారు, మీ మనసుకు ఊరట దొరుకుతుంది. కానీ చేలోకి ఉప్పునీరు రావడం ఆగదు, పెళ్ళి అప్పు మీదే పడుతుంది. పక్క చేనువారు ఒప్పుకుంటే చప్పుడు మీకు, లీజు వారికి అవుతుంది. మీరు తగ్గిన రోజున చప్పట్లు కొట్టే కమిటీ, దాళ్వా పోయిన చేను గురించి మర్నాడు ఏం చేస్తుందో మరిదిగారిని మీరు సూటిగా అడగవచ్చు. డ్రెయిను నోటి దగ్గర పోటునీటిని ఆపే లాకులు, పూడికతీత గురించి కలెక్టరు దగ్గరకు వెళ్ళడానికి ఈ కమిటీయే పనికొస్తుంది. గాలిమరలను అడ్డుకున్న తర్వాత కూడా అది బతికి ఉండాలంటే అలాంటి పని ఒకటి దానికి కావాలి.

నిలబడటం రెండో దారి, దానికి గౌరవప్రదమైన రూపమూ ఉంది. వారసులందరి సంతకాలతో, సంతకం పెట్టిన మిగతా రైతులతో కలిసి, షరతుల మీద నిలబడటం. ఇళ్ళకు 500 మీటర్లు, రోడ్డు కింద తూములు, తోడిన ఉప్పునీరు పంట బోదెలోకి వదలకపోవడం, కౌలు రైతుకు పరిహారం, చివర కాంక్రీటు తొలగించే పూచీ, వీటిని రాతలో అడగండి. కంపెనీ ఒప్పుకుంటే మంచి లీజు చేతికి వస్తుంది, ఊరికీ కొంత రక్షణ దొరుకుతుంది. ఒప్పుకోకపోతే వాళ్ళ అసలు రంగు ముందే తెలుస్తుంది. దీనికి మీరు చెల్లించే మూల్యం సమయం, ఊళ్ళో ఇంకొన్ని నెలల మౌనం. పెళ్ళికి ముందు తేలదు. పైగా, ఎంత జాగ్రత్తగా నిలబడ్డా కొంతమంది మీతో మళ్ళీ మాట్లాడకపోవచ్చు. దాన్ని తట్టుకోగలరో లేదో మీకే తెలియాలి.

ఈ రెంటికీ మధ్య, ప్రస్తుతానికి ఏదీ తేల్చకుండా ఆగడం కూడా ఒక నిర్ణయమే. నకలు వచ్చి వకీలు చదివే వరకు, వారసులు ఒకచోట కూర్చునే వరకు, గ్రామసభలో కంపెనీవాళ్ళు వచ్చి ప్రతి మర ఏ సర్వే నంబరులో ఉంటుందో పటం పెట్టి చూపించే వరకు, రిజిస్ట్రేషనుకు వెళ్ళనని మధ్యవర్తికి రాతపూర్వకంగా చెప్పవచ్చు. సముద్రం పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు వర్తిస్తాయి, పోటు వచ్చే కాలువలకూ వేరే కొలతలున్నాయి. మీ డ్రెయిను వాటిలోకి వస్తుందేమో సమాచార హక్కు చట్టం కింద అడిగితే ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీకు నేను ఎక్కువగా సూచించేది ఈ దారినే. మీ చేతిలో ఇప్పుడు వాస్తవాలు లేవు, వాటిని తెచ్చుకునే హక్కు మాత్రం ఉంది. అయితే దీనికీ ఒక చిక్కుంది. ఆలస్యాన్ని ఇరుపక్షాలూ తమకు అనుకూలంగా చెప్పుకుంటాయి. “ఆవిడ మనవైపు వచ్చేసింది” అని కమిటీ అనవచ్చు, “ఆవిడ మాటిచ్చింది” అని మధ్యవర్తి అనవచ్చు. అందుకే మీ మాట ఏదైనా కాగితం మీద, తేదీతో, ఇద్దరికీ ఒకే రకంగా ఉండాలి.

కౌలు రైతు గురించి మీ ఉత్తరంలో రెండే వాక్యాలున్నాయి. నా దృష్టిలో ఈ వ్యవహారంలో అన్యాయం ఎక్కువగా జరగబోయేది అతనికే. మర నిలిపే చోటు, క్రేను తిరగడానికి చదును చేసే జాగా, దారి కలిసి మర ఒక్కింటికి రెండు మూడు ఎకరాలు పోవచ్చు, అంటే మీ చేను దాదాపు మొత్తం. లీజు మీకు వస్తుంది, అతనికి పని పోతుంది, ఇంటి నెత్తిన మర వస్తుంది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద పదకొండు నెలల కార్డు రాసుకున్నా, దానివల్ల పంట రుణం, పంట నష్ట సాయం వంటివి అందుతాయే గానీ భూమి మీద హక్కేమీ రాదు. ఆ చట్టం అతనికి ఇవ్వనిదాన్ని మీరు ఇవ్వాలని నేను ఆజ్ఞాపించలేను. కానీ అతనితో ముందుగా మాట్లాడండి, నిర్ణయం అయిపోయాక చెప్పడానికి వెళ్ళకండి. ఇరవై ఏళ్ళు ఆ నీటిని చూసినవాడు కాబట్టి, రోడ్డు ఎటు వేస్తే మురుగు ఆగుతుందో అతనికి తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. షరతులు రాసేటప్పుడు ఆ తెలివి మీకు కావాలి.

మరిదిగారి దగ్గరకు వెళ్ళేటప్పుడు కమిటీ అధ్యక్షుడి దగ్గరకు వెళ్ళినట్టు వెళ్ళకండి. నలుగురిలో, రామాలయం దగ్గర అసలే వద్దు. పగటిపూట, అత్తగారిని చూడటానికే వెళ్ళండి. గాలిమరలు మంచివా చెడ్డవా అన్న వాదన ఎత్తకండి. అది ఒక్కపూటలో తేలదు, అందులో ఎవరు గెలిచినా మీకు ఒరిగేది లేదు. నకలు కోసం ఉత్తరం రాశానని, వారసులందరూ కూర్చునే వరకు రిజిస్ట్రేషను చెయ్యనని, అత్తగారి వాటా సంగతి వకీలును అడుగుతానని చెప్పండి. చెప్పకుండా సంతకం పెట్టడం గురించి ఆయన ఒక మాట అంటే పడండి, మైకులో మీ పేరు చదవడం గురించి మీరూ ఒక మాట అనండి. అన్నగారి కూతురి పెళ్ళిలో ఆయన చెయ్యవలసిన పనులున్నాయి, ఆ సంగతి ఆయనకూ గుర్తుంటుంది. దింపు మనిషి విషయం కూడా ఆయనతోనే చెప్పండి. ఎవరూ ఆదేశించకపోయినా జరుగుతున్న ఈ వెలివేతను ఆపగల మనిషి ఊళ్ళో ఆయనొక్కరే. బెదిరింపులు, తోట మీద పడటం వంటివి జరిగితే అప్పుడు పోలీసు ఫిర్యాదు తప్పదు గానీ, పలకరింపు మానేసినందుకు స్టేషనుకు వెళితే ఆ తలుపు శాశ్వతంగా మూసుకుపోతుంది.

యాభై వేల అడ్వాన్సును పెళ్ళి సామానుకు ఖర్చు పెట్టారో లేదో మీరు రాయలేదు. పెట్టకపోతే బ్యాంకులో విడిగా ఉంచండి. పెట్టి ఉంటే ఆ మేరకు మీ అబ్బాయిని సర్దమనండి, ఎందుకంటే ఏ దారి ఎంచుకున్నా ఆ డబ్బు తిరిగి ఇవ్వగల స్థితిలో ఉన్నప్పుడే మీ మాటకు బలం ఉంటుంది. తిరిగి ఇవ్వవలసి వస్తే మధ్యవర్తి చేతిలో నోట్లు పెట్టకండి, కంపెనీ ఖాతాకు చెక్కు ద్వారానో బ్యాంకు బదిలీ ద్వారానో పంపి, మీరు సంతకం పెట్టిన అసలు కాగితాలు వెనక్కి ఇప్పించమని అదే రోజు స్పీడ్ పోస్టులో రాయండి.